ముసురుని వృష్టి చేయకండి

ఈసారి మన తెలుగువాళ్ల ఉగాది సావనీర్‌లో (ప్రత్యేక సంచికలో) పిల్లల పేజీలు చదివారా? మా అమ్మాయి వ్యాసం కూడా ఉంది. పేరు తనదే. మాటలు మాత్రం తనవి కావు.

కిందటి సెలవుల్లో భీమవరం దగ్గర మా ఊరు వెళ్లినప్పటి వాన గురించి రాసింది. రాయడానికి కూర్చుని వాళ్ల నానమ్మకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, "ఆగకుండా సన్నగా పడుతూనే ఉంటుందే, ఆ వానని ఏమంటారు?" అని అడిగింది. "ముసురు తల్లీ" అంది మా అమ్మ. ఇక అక్కడితో ఆగుతుందా? చినుకు, తుంపర, జల్లు, జడివాన, కుండపోత, అన్నీ చెప్పింది. తుంపరలో బడికి వెళ్లొచ్చు, జడివానలో కుదరదు, ముసురు పట్టిందంటే పెట్టిన వడియాలు పాడైపోయినట్టే. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మా అమ్మాయి ఒక్కో మాటా తెలుగు బడి నోట్‌బుక్‌లో రాసుకుంది. చివరికి వ్యాసం ఇలా మొదలుపెట్టింది: "మూడు రోజులు ముసురు. బట్టలు ఆరలేదు. నానమ్మ పెసరట్లు వేసింది."

అచ్చులో వచ్చిందేమో "దినత్రయము అవిరళముగా వృష్టి కురిసెను." ఉగాది వేడుకలో దాన్నే చదవమన్నారు. మైకు ముందు తడబడి, సగంలో దిగిపోయింది. కారెక్కాక "నాన్నా, నా తెలుగు తప్పా?" అని అడిగింది.

దిద్దిన పెద్దలు మంచి మనసుతోనే దిద్దారు, అందులో నాకు అనుమానం లేదు. తెలుగునేలకి దూరంగా ఇక్కడ పెరిగే పిల్లలు దేనికైనా "చాలా బాగుంది" అనే రాస్తారు. వాళ్లకి మాటలు పెరగాలి, అందుకు పర్యాయపదాల పుస్తకం కావాలి కూడా. జి.ఎన్. రెడ్డి గారి పర్యాయపద నిఘంటువు ఉంది. ఆంధ్రభారతి సైట్లో పాత నిఘంటువులు ఎన్నో ఒక్కచోటే వెతుక్కోవచ్చు.

కానీ అమరకోశం నుంచి పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం దాకా మన పాత పర్యాయపద కోశాలు పద్యాల్లో ఉన్నాయి. పద్యం రాసేవాడికి వాటితో పెద్ద పని. ఉత్పలమాలలో పదో అక్షరానికి యతి, రెండో అక్షరానికి ప్రాస కుదరాలి. నీరు కుదరకపోతే సలిలం, అదీ కుదరకపోతే తోయం. వచనం రాసుకునే చిన్నపిల్లకి ఏ యతి అడ్డొచ్చింది?

వృష్టి ఏ వానైనా కావచ్చు. ముసురు అనగానే చీకటి పట్టిన పగలు, చెమ్మ దిగిన గోడలు, గడప దాటని జనం కనబడతారు. నిఘంటువులో రెండూ పక్కపక్కనే ఉండొచ్చు, మన ఊళ్లో కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదకోశానికి మాటలు జిల్లాల్లో రైతుల నోటి నుంచే సేకరించారు. నానమ్మకి ఫోన్ చేసి మాటలు రాసుకున్న పిల్ల చేసిందీ ఆ పనే.

వచ్చే సంచిక కమిటీకి నా విన్నపం. అక్షరదోషాలు తప్పకుండా దిద్దండి. మాట మార్చాలనిపిస్తే ముందు రాసిన పిల్లల్ని పిలిచి, ఆ మాట ఎందుకు రాశారో అడగండి. వరంగల్ అమ్మమ్మ చెప్పిన "మొగులు" వస్తే దాన్ని "మేఘము" చేయకండి. మా అమ్మాయి వ్యాసాన్ని తను రాసింది రాసినట్టే మళ్లీ వేయండి. నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి దీంతోపాటు పంపుతున్నాను.