డెబ్బై శాతం అనే లెక్క, ఎదురుతిరిగే ఉద్యోగి అనే సాకు

సంస్థాగత మార్పు మీద జరిగే శిక్షణ తరగతుల్లోనూ, చేతులు మారుతూ తిరిగే సందేశాల్లోనూ తరచుగా కనిపించే వాదన ఒకటి ఉంది. సంస్థలు తలపెట్టే మార్పుల్లో డెబ్బై శాతం విఫలమవుతాయని, మనుషులు స్వభావరీత్యా మార్పును వ్యతిరేకించడమే అందుకు కారణమని, కాబట్టి నాయకుడు అందరినీ అడుగుతూ కాలం గడపకుండా కాళ్ల కింద మంట పెట్టి అయినా సిబ్బందిని కదిలించాలని, కదిలించిన తర్వాత కొత్త పద్ధతిని గడ్డకట్టించాలని, అంటే మళ్లీ మారకుండా స్థిరపరచాలని దాని సారాంశం. ఇందులోని ప్రతి మాటా తన ముందున్న మాట మీద ఆనుకుని నిలబడింది కనుక మొదటి మాట నుంచే పరిశీలించాలి.

డెబ్బై శాతం అనే అంకె ఏ సర్వే నుంచీ పుట్టలేదు. సంస్థ పని పద్ధతులను మొదటి నుంచి తిరిగి రూపొందించే రీఇంజినీరింగ్ గురించి 1993లో పుస్తకం రాసిన మైకేల్ హామర్, జేమ్స్ చాంపీలు ఆ ప్రయత్నం చేసిన సంస్థల్లో 50 నుంచి 70 శాతం దాకా ఆశించినంత భారీ ఫలితం సాధించలేదని రాస్తూ, అది శాస్త్రీయం కాని అంచనా అని తామే చెప్పుకున్నారు. ఆ మాటను జనం ఖాయమైన వైఫల్య రేటుగా మార్చేశారని హామర్ 1995లో మరో పుస్తకంలో అభ్యంతరం కూడా తెలిపారు. అప్పటికే అంకె చేయి దాటిపోయింది. హార్వర్డ్ ఆచార్యులు మైకేల్ బీర్, నితిన్ నోరియాలు 2000లో ఒక వ్యాసంలో దాన్ని మార్పు ప్రయత్నాలన్నిటికీ వర్తింపజేశారు గాని ఆధారం చూపలేదు. దాని మూలాలను వెతికిన పరిశోధకుడు మార్క్ హ్యూస్ 2011లో తేల్చింది ఏమిటంటే, ఈ లెక్కకు నమ్మదగిన ఆధారమంటూ ఏదీ లేదు. అసలు వైఫల్యం అంటే ఏమిటి? అనుకున్న గడువుకు పూర్తి కాకపోవడమా, ఖర్చు మించడమా, లాభం పెరగకపోవడమా? ఈ ప్రశ్నకు జవాబు లేనిదే శాతం లెక్కగట్టడం సాధ్యం కాదు.

మనుషులు స్వభావరీత్యా ఎదురుతిరుగుతారనే రెండో మాటే ఈ వాదనకు గుండెకాయ, ఎక్కువ హాని చేసేది కూడా అదే. మార్పు ప్రయత్నాలు ఎందుకు చెడిపోతాయో వివరిస్తూ హార్వర్డ్ ఆచార్యుడు జాన్ కాటర్ 1995లో ఇచ్చిన ఎనిమిది పొరపాట్ల జాబితాను ఈ వాదన వినిపించేవారు తరచుగా ఉదాహరిస్తారు. అవసరాన్ని అర్థమయ్యేలా చెప్పకపోవడం, కలిసి నడిపించే బృందం లేకపోవడం, అడ్డంకులు తొలగించకపోవడం, గెలుపును ముందే ప్రకటించుకోవడం లాంటి ఆ ఎనిమిదీ మార్పును నడిపేవారి పొరపాట్లే. జాబితా ఒకరి వైపు వేలు చూపుతుంటే దాన్ని ఉదాహరించేవారు మరొకరి వైపు చూపుతున్నారు.

“ప్రతిఘటన” అనే మాటను ఈ రంగంలో స్థిరపరచిన పరిశోధన ఏం చెప్పిందో చూస్తే విషయం మరింత తేటపడుతుంది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, మారియన్ పట్టణంలో పైజామాలు కుట్టే హార్వుడ్ కర్మాగారంలో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ జరిపిన ప్రయోగ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. అక్కడ కూలి కుట్టిన ముక్కల లెక్కన వచ్చేది. పని తీరు మార్చినప్పుడల్లా చేతివేగం పడిపోయి సంపాదన తగ్గేది, చాలామంది మానేసేవారు. ఒక గుంపుకు మార్పును పైనుంచి ప్రకటించి ఊరుకోగా, మిగతా గుంపులను ఏదో ఒక మేరకు ఆ మార్పు రూపకల్పనలో భాగస్వాములను చేశారు. మొదటి గుంపులో ఉత్పత్తి కోలుకోలేదు సరికదా, నలభై రోజుల్లో 17 శాతం మంది ఉద్యోగం వదిలేశారు. అందరినీ పూర్తిగా కలుపుకున్న గుంపులు త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటాయి, వాటిలో ఎవరూ మానలేదు. అంతకన్నా ముఖ్యమైనది తర్వాత జరిగింది. మొదటి గుంపులో మిగిలినవారిని రెండున్నర నెలల తర్వాత ఇంకో పనికి మారుస్తూ ఈసారి వారితో చర్చించి నిర్ణయించగా, వాళ్లూ త్వరగానే కోలుకున్నారు. మనుషులు వాళ్లే అయినప్పుడు ప్రతిఘటన వారి స్వభావం ఎలా అవుతుంది? కూలి తగ్గుతుందన్న భయం, చెప్పకుండా చేశారన్న కోపం, ఈ రెండిటికీ స్వభావమనే పేరు పెట్టి చేతులు దులుపుకోవడం తేలిక.

ఒక మాట ఒప్పుకోవాలి. నార్వేలోని ఒక పాదరక్షల కర్మాగారంలో ఇలాంటి ప్రయోగమే చేసి 1960లో ప్రచురించినప్పుడు ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉద్యోగులు తమకు ముఖ్యమనుకోని విషయాల్లో మాత్రమే అభిప్రాయం అడగడం అందుకు ఒక కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. అభిప్రాయం అడగడం మంత్రమేమీ కాదు, దేని గురించి అడిగారన్నదీ లెక్కలోకి వస్తుంది.

కాళ్ల కింద మంట అనే పోలికకు మూలం 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద జరిగిన ప్రమాదం. అందులో 167 మంది చనిపోయారు. ఆ మంటల్లోంచి సముద్రంలోకి దూకి బతికిన మనిషి కథను సలహాదారు డారిల్ కానర్ ప్రచారంలోకి తెచ్చారు. అయితే ఆ రాత్రి నిబంధనల ప్రకారం వసతి గదుల్లో చేరి పైనుంచి వచ్చే ఆదేశం కోసం ఎదురుచూసినవారిలో చాలామంది పొగకు ఊపిరాడక మరణించారు, ప్రాణాలు దక్కించుకున్నవారిలో అనేకులు సొంత నిర్ణయంతో కదిలినవారు. ఆదేశించి కదిలించే నాయకత్వానికి ఈ దుర్ఘటనను ఉదాహరణగా ఎలా వాడుకుంటున్నారో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. తన పోలిక భయపెట్టడం గురించి కాదని, దృఢనిశ్చయం గురించి అని కానర్ కూడా తర్వాత వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఇదే కథను నోకియా అధిపతి స్టీఫెన్ ఎలాప్ 2011 ఫిబ్రవరిలో సిబ్బందికి రాసిన లేఖలో వాడారు, ఆ లేఖ బయటకు పొక్కింది. నోకియా మారదలచుకున్న విండోస్ ఆధారిత కొత్త ఫోన్లు ఆ సంవత్సరం చివరికి గాని దుకాణాలకు రాలేదు. ఈలోగా అమ్ముకోవలసిన, సింబియన్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫోన్లు కాలం చెల్లినవని తయారీదారే ఒప్పుకున్నట్టయింది. ఐఫోన్, ఆండ్రాయిడ్ పోటీ అంతకు ముందే మొదలైంది కనుక పతనమంతా లేఖ వల్లే అనలేము. కానీ నోకియాకు ఆ మంట మేలు చేసిందనడానికి ఆధారం లేదు. ఫోన్ల వ్యాపారం 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది, మరుసటి సంవత్సరం ఆ సంస్థ అందుకు సంబంధించి 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుంది.

గడ్డకట్టించడం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కరగించడం, మార్చడం, మళ్లీ గడ్డకట్టించడం అనే మూడు మెట్ల సిద్ధాంతం సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్‌దంటారు. 1947లో ఆయన మరణించిన సంవత్సరం వెలువడిన వ్యాసంలో దాని గురించి ఉన్నది కొద్ది వాక్యాలే, మిగతాది చాలావరకు తరువాతివారు చేర్చిందే. నాయకత్వ శైలుల గురించి లెవిన్, సహచరులతో కలిసి 1939లో ప్రచురించిన ప్రయోగంలో, నిరంకుశ నాయకుడు గది వదలగానే పని బాగా తగ్గింది. అది పదేళ్ల పిల్లలతో చేసిన చిన్న ప్రయోగం కనుక దాని మీద పెద్ద భవనం కట్టను.

అడుగుతూ కూర్చుంటే పని జరగదన్నది చివరి మాట. అపాయం ముంచుకొచ్చిన నిమిషంలో ఒకరే ఆదేశించాలన్నది నిజమే. అయితే నెలల తరబడి సాగే పునర్వ్యవస్థీకరణ ఆ కోవలోకి రాదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన కర్మాగారం గైర్హాజరుకూ తగాదాలకూ పేరుపడింది. 1984లో టయోటాతో కలిసి దాన్ని నుమీ పేరుతో తెరిచినప్పుడు తీసుకున్నవారిలో అత్యధికులు ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా పాతదే. లోపం కనిపిస్తే తాడు లాగి ఉత్పత్తి లైను ఆపే అధికారం కార్మికుడికి ఇచ్చారు. 1988లో అమ్మకాలు పడిపోయినప్పుడు ఎవరినీ తొలగించకుండా శిక్షణకు పంపారు. గైర్హాజరు బాగా తగ్గింది, నాణ్యత జపాన్ కర్మాగారాల దరిదాపులకు చేరింది. అదే పద్ధతిని తన ఇతర కర్మాగారాలకు విస్తరించడానికి జనరల్ మోటార్స్‌కు ఏళ్లు పట్టింది. అడ్డుపడింది కొన్నిచోట్ల యూనియన్ శాఖలైతే, చాలాచోట్ల లైను ఆగడమంటే తమ వైఫల్యంగా భావించే మేనేజర్లు, పర్యవేక్షకులు.