దుకాణం మనది, ఫోటో ఎవరిదో

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల చిన్న వ్యాపారాల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు కాసేపు వరుసగా చూడండి. బిర్యానీ ఫోటో గూగుల్‌లో దొరికింది, చీర ఫోటో సూరత్ హోల్‌సేల్ కేటలాగ్‌లోది, పచ్చడి సీసా ఇంకెవరింట్లోదో. ఈమధ్య ఏఐతో చేయించిన బొమ్మలూ వచ్చి చేరాయి. ఇక బతుకమ్మకీ సంక్రాంతికీ పోస్టర్ యాప్‌లో మూలకు ఓనర్ ఫోటో అతికించి వదిలే శుభాకాంక్షలు సరేసరి, అందులో మనిషి నిజమే గానీ ఆయన ఏం అమ్ముతాడో, సరుకు ఎలా ఉంటుందో ఒక్క ముక్క తెలియదు.

అడిగితే అందరూ దాదాపు ఒకే మాట చెప్తారు: "మన ఫోన్‌లో అంత మంచిగ రాదన్నా." నిజమే, రాదు. కానీ కొనేవాళ్లకు కావాల్సింది తమ ఇంటికి ఏం వస్తుందో తెలియడం. కేటలాగ్ చీర చూసి ఆర్డర్ పెట్టినామె చేతికి వేరే రంగు వస్తే ఆ గిరాకీ మళ్లీ రాదు, పైగా వాడకట్టంతా చెప్తుంది.

వరంగల్‌లోని కొత్తవాడ జంపఖానాల సంగతి చూడండి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ పుణెలోనో బెంగళూరులోనో కూర్చుని ఫోన్‌లో చూసేవాళ్లకు మరమగ్గం మీద తయారైనదీ, చేత్తో నేసినదీ ఫోటోలో ఇంచుమించు ఒకటే, ధరలో మాత్రం బోలెడు తేడా. ఆ తేడా ఎందుకో నమ్మించేది మగ్గం దగ్గర తీసిన ఇరవై సెకన్ల వీడియోనే. రంగు పోగును పడుగులోకి, అంటే మగ్గం మీది నిలువు దారాల్లోకి చేత్తో దూర్చడం, పంజా అనే ఇనుప పనిముట్టుతో టకటక కొట్టి బిగించడం, ఆ చప్పుడు కూడా వినపడాలి, దాని మీద సినిమా పాట పెడితే పోయినట్టే. జంపఖానాను తిరగేసి వెనక వైపూ చూపించాలి. ట్యూబ్‌లైట్ కింద మెరూన్ ఒకలా, ఎండపొడలో ఇంకోలా కనిపిస్తుంది కాబట్టి పొద్దున పూట గడప దగ్గర పరిచి, లెన్స్ తుడిచి, ఫిల్టర్ తీసేసి తీస్తే చాలు.

పచ్చళ్లూ అంతే. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ వచ్చింది. కారం తక్కువ, ఎరుపు మాత్రం కళ్లు చెదిరేంత. ఆ ఎరుపు చూసి రంగు కలిపారేమో అని కొత్తవాళ్లకు అనుమానం రావడం సహజం. టమాటాలా బొద్దుగా ఉండే ఆ కాయలకు తొడిమలు తీస్తున్న వీడియో ఒక్కటి పెడితే ఎవరికీ వేరే సంజాయిషీ చెప్పక్కర్లేదు.

వేరేవాళ్లు తీసిన ఫోటో అడగకుండా వాడితే 1957 నాటి కాపీరైట్ చట్టం కింద చిక్కు కూడా, దాన్ని మన దగ్గర ఎవరూ లెక్కచేయరు.

నాకు అంతకన్నా పట్టింపు ఉన్నది ఇంకొకటి. సొంత వీడియోల మోజులో కొనడానికి వచ్చినామెనీ, వెంట ఉన్న చిన్నపిల్లనీ చెప్పకుండా తీసి రీల్‌లో పెట్టేస్తున్నారు. ఇది తప్పు. అడిగి తీయాలి, వద్దంటే అక్కడితో ఆపాలి. మగ్గం మీద కూర్చున్న మనిషికైనా అంతే: ఒప్పుకుంటే ఆయన పేరు వీడియో కింద రాయండి, మొహం చూపించడం ఇష్టం లేకపోతే పంజా పట్టిన చేతులు చూపించండి.