ఏమనుకోకండి, మీరేమిట్లు?

అడ్వాన్స్ ఇచ్చారు. ఓనరు తీసుకున్నాడు. ఆదివారం మంచిరోజు, పాలు పొంగించుకోండని కూడా ఆయనే చెప్పాడు. శుక్రవారం రాత్రి ఆధార్ కాపీలు వాట్సాప్‌లో పంపిన అరగంటకు ఫోను: ‘‘మా అబ్బాయి అమెరికా నుంచి వస్తానంటున్నాడండీ, ఇల్లు మాకే కావాలి.’’ ఇచ్చిన ఇరవై వేలూ ఫోన్‌పేలో తిరిగొచ్చేశాయి. వారం గడిచింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలోని ఆ ఇంటి గేటుకు మళ్లీ అదే టులెట్ బోర్డు. కింద స్కెచ్ పెన్నుతో కొత్తగా ఒక లైను చేరింది: ‘వెజిటేరియన్స్ ఓన్లీ’.

ఆయన సర్కారు బడి టీచరు. ఆమె నర్సు. ఆరేళ్ల పాప. మూడు వారాల్లో పద్నాలుగు ఇళ్లు చూశారు. వాళ్ల పేర్లు రాయొద్దన్నారు. ఎందుకని అడిగితే ఆమె ఒక్క మాటే చెప్పారు: ‘‘మాకింకా ఇల్లు దొరకలేదండీ.’’ ఓనరు పేరూ మేం రాయడం లేదు. రాయడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

హైదరాబాద్‌లో ఇల్లు వెతికిన ప్రతివారికీ ఈ వ్యవహారం తెలుసు. గేటు దగ్గర ముందు ఊరు అడుగుతారు. తర్వాత ఇంటిపేరు. అప్పటికీ తేలకపోతే గొంతు తగ్గించి, ‘‘ఏమనుకోకండి, అడక్కూడదు గానీ...’’ అని మొదలుపెడతారు. అడక్కూడదని తెలుసు, అయినా అడుగుతారు. జవాబు నచ్చితే నీళ్ల ట్యాంకు, బైకు పార్కింగ్, మెయింటెనెన్స్ లెక్కలు మొదలవుతాయి. నచ్చకపోతే ఉన్నట్టుండి ఒక మేనల్లుడు పుట్టుకొస్తాడు. నిన్ననే వాడికి మాటిచ్చేశారట.

తిండి సాకు సంగతి చూద్దాం. తెలంగాణలో వందకు 98 మందికి పైగా మాంసం తింటారని 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. మరి ఇన్ని వేల గేట్లకు ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ బోర్డులు ఎక్కడివి? ఆదివారం మధ్యాహ్నం మటన్ మసాలా వాసన ఓనరు వాటా నుంచే వస్తుంటుంది. కొందరు మరీ నిజాయితీపరులు, ‘చికెన్, మటన్ అయితే ఫర్వాలేదు, పెద్దది మాత్రం వండొద్దు’ అని విడమరిచి చెబుతారు. అది వంట గురించి మాట కాదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. కులం పేరు బోర్డు మీద రాయడానికి మొహమాటం అడ్డొచ్చినవాళ్లు కూర పేరు రాస్తున్నారు.

ముస్లింలకు ఆ మొహమాటం కూడా చూపరు. ఫోన్లో పేరు వినగానే బ్రోకరే ‘‘సార్, మీరు టోలిచౌకీ, మెహిదీపట్నం సైడు చూసుకోండి, ఇటు కష్టం’’ అనేస్తాడు. వాళ్లంతా ఒకేచోట ఎందుకుంటారని ఆశ్చర్యపోయే పెద్దమనుషులకు ఆ ఫోను కాల్ ఒక్కటి వినిపిస్తే చాలు. తమవాళ్లు కాని పేటల్లో ఇల్లు కొనాలన్నా అద్దెకు తీసుకోవాలన్నా ముస్లింలకు ఎదురయ్యే తిరస్కారాన్ని, దేశంలో ముస్లింల స్థితిగతులు పరిశీలించిన సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. ఆ నివేదిక మీద మాట్లాడని పార్టీ లేదు. ఆ ముక్క మీద పని చేసిన ప్రభుత్వమూ లేదు.

ఇల్లు నాది, నా ఇష్టం అంటారు ఓనర్లు. జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇల్లు, అద్దె ఎగ్గొట్టేవాడు దొరికితే ఖాళీ చేయించడానికి ఏళ్లు పడుతుందన్న టెన్షన్ అబద్ధం కాదు. అందుకు అడ్వాన్స్ ఉంది, జీతం స్లిప్పు ఉంది, అగ్రిమెంటు ఉంది, పాత ఓనరుకు ఫోన్ చేసి వాకబు చేసే దారీ ఉంది. ఆ టీచరు గారి విషయంలో ఇవన్నీ చూశాకే డబ్బు తీసుకున్నారు. ఆధార్ కాపీలో కొత్తగా కనిపించింది ఇంటిపేరొక్కటే.

‘నా ఇల్లు’ అన్న మాట మీద ఇంకో సంగతి. ఆ కాలనీ వేసింది ప్రభుత్వ హౌసింగ్ బోర్డు. ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని ఆదాయాన్ని బట్టి ఇళ్లు విడగొట్టారు. కులానికో వీధి అని ఆ లేఅవుట్‌లో ఎక్కడా గీయలేదు. సర్కారు గీయని ఆ గీతను ఇప్పుడు స్కెచ్ పెన్నుతో గీస్తున్నారు.

మమ్మల్ని అన్నిటికన్నా మండించింది మాత్రం వేరే విషయం. ఆ ఓనరుగారి అబ్బాయి నిజంగానే అమెరికాలో ఉన్నాడు. డాలస్‌లో, అద్దె అపార్ట్‌మెంట్‌లో. అక్కడ ఆ ఇల్లు తీసుకున్నప్పుడు అతన్ని ‘నీ మతమేంటి, నీ దేశమేంటి, నీ వంట వాసనొస్తుందా’ అని వడపోసే ధైర్యం లీజింగ్ ఆఫీసుకు లేదు. లేకపోవడానికి కారణం మంచితనం కాదు, చట్టం. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం చేసిన ఫెయిర్ హౌసింగ్ చట్టం అది. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు కాదనకూడదు. 1974లో ఆడా మగా తేడాను, 1988లో వైకల్యాన్ని, పిల్లలున్నారన్న సాకును అందులో చేర్చారు. తానుండే చిన్న ఇంట్లో ఒక వాటా అద్దెకిచ్చే ఓనరుకు కొంత మినహాయింపు ఉంది. అయితే ఆ ఓనరు కూడా ‘ఫలానా మతం వాళ్లకే’ అని బోర్డు పెట్టకూడదు.

ఆ చట్టం కాగితం మీదే ఉండిపోలేదు. న్యూయార్క్‌లో క్వీన్స్, బ్రూక్లిన్ లాంటి ప్రాంతాల్లో వేల ఫ్లాట్లు అద్దెకిచ్చే ట్రంప్ కుటుంబ సంస్థ నల్లవాళ్లకు ఇళ్లివ్వడం లేదని 1973లో అమెరికా ప్రభుత్వమే కోర్టుకెక్కింది. ఒకే అపార్ట్‌మెంట్‌కు ఒక నల్లజాతి మనిషినీ ఒక తెల్లజాతి మనిషినీ విడివిడిగా పంపి, ఎవరికి ఏం చెబుతున్నారో పరీక్షించారు. 1975లో, తప్పు ఒప్పుకోకుండానే, ఆ సంస్థ రాజీ ఒప్పందానికి దిగింది. అమెరికాలో వివక్ష పోయిందని మేం అనడం లేదు. పోలేదు. కానీ అక్కడ ఇల్లు కాదన్నవాడి మీద ప్రభుత్వం కేసు వేస్తుంది. ఇక్కడ ఇల్లు దొరకనివాడు పేరు చెప్పడానికి భయపడుతున్నాడు.

ఓనరుకు తన కొడుకును అక్కడ కాపాడే చట్టం కావాలి. ఖమ్మం నుంచో కర్నూలు నుంచో వచ్చిన ఇంకొకరి కొడుక్కి ఇక్కడ అది వర్తించకూడదు. అక్కడ మనవాడి రంగు చూసి ఎవరో ముఖం చిట్లించారంటే ఇక్కడ మన టీవీల్లో రాత్రంతా చర్చ. ఆ చర్చ చూస్తూనే ‘ఏమనుకోకండి’ అని గేటు దగ్గర మొదలుపెడతాం. డాలస్, న్యూజెర్సీల్లో రూమ్మేట్ కోసం మనవాళ్లు పెట్టే ప్రకటనల్లోనూ ‘వెజిటేరియన్ ఓన్లీ’ కనిపిస్తూనే ఉంటుంది. రెండు సూట్‌కేసుల్లో ఆవకాయతో పాటు ఇదీ మోసుకుపోయాం.

ఇక్కడ చట్టమే లేదా అంటే, సగం ఉంది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్, ఏ ప్రాంతంలోనైనా నివాసముండే హక్కుకు అంటరానితనం పేరుతో అడ్డుపడటం నేరమంది. బాధితుడు షెడ్యూల్డ్ కులస్తుడైతే, అది కులం చూసి చేసింది కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఇవాళ ఆ 500 బ్రోకరు ఇల్లు చూపించినందుకే తీసుకుంటున్నాడు. ఈ సెక్షన్ కింద అద్దె ఇంటి ఫిర్యాదు ఇస్తానని స్టేషనుకు వెళ్లండి, ముందు ఆ చట్టం పేరు మీరే రాసివ్వాల్సి వస్తుంది.

మిగతావాళ్లకు ఆ సగం కూడా లేదు. రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర వివక్ష వద్దంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. పార్సీల హౌసింగ్ సొసైటీ తమవాళ్లనే సభ్యులుగా చేర్చుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు అనడంతో మూసుకున్న గేట్లకు ఒక తీర్పు కూడా తోడైంది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ వద్దని లెక్క కట్టి చెప్పింది. కులం, మతం చూసి కాదనొద్దన్న ఒక్క వాక్యం అందులో రాయలేకపోయింది.

కేంద్రం రాయకపోతే రాష్ట్రం రాయొచ్చు. ఓనరు, కిరాయిదారు సంబంధాలు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితా 18వ అంశం కిందికి వస్తాయి. ఢిల్లీ చట్టం తెచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు. టులెట్ బోర్డుల మీద, వెబ్‌సైట్ల మీద, ప్రకటనల్లో కులం, మతం, తిండి షరతులు నిషేధించండి. ఫిర్యాదు తీసుకునే ఒక అధికారిని పెట్టండి. న్యూయార్క్‌లో చేసినట్టు ఇద్దర్ని ఒకే గేటుకు పంపి చూడండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ప్రతి ముఖ్యమంత్రీ ఈ నగరానికి రమ్మని ప్రపంచాన్ని పిలుస్తూనే ఉన్నారు. విశ్వనగరం అంటున్నారు. దళితవాడలో కూర్చుని సహపంక్తి భోజనాల ఫొటోలు దిగుతున్నారు. ఫొటోలో పక్కన కూర్చున్నవాడికి మీ కాలనీలో ఒక పోర్షన్ ఇప్పించండి చూద్దాం.

మేమూ ఈ పాపంలో ఉన్నాం. ఏళ్ల తరబడి మా క్లాసిఫైడ్స్ పేజీలో ‘శాకాహారులకు మాత్రమే’ అన్న అద్దె ప్రకటనలు లైనుకింత అని డబ్బు తీసుకుని వేశాం. వచ్చే సోమవారం నుంచి అలాంటి మాట ఉన్న అద్దె ప్రకటన తీసుకోవద్దని మా ప్రకటనల విభాగానికి చెప్పాం. ఆదాయం పోతుందన్నారు. పోనివ్వండన్నాం. మిగతా పత్రికలూ ఆ మాట అంటాయేమో చూస్తాం.

ఆ ఓనరుగారు వచ్చే నెల కొడుకు దగ్గరికి డాలస్ వెళ్తున్నారట, వీధిలో చెప్పుకుంటున్నారు. అక్కడి లీజింగ్ ఆఫీసు గోడకు ఒక పోస్టరు ఉంటుంది, ఇంటి బొమ్మలో సమానం గుర్తు వేసి. అది కనబడేలా పెట్టడం అక్కడ నిబంధన. అయ్యా, కొడుకును పక్కన పెట్టుకుని దాన్ని మొదటి లైను నుంచి చివరి లైను దాకా చదివించుకోండి. అర్థం కాకపోతే మళ్లీ చదివించుకోండి. మీ గేటు బోర్డుకు స్కెచ్ పెన్ను తీసింది ఎవరో అతనికి చెప్పే ధైర్యం ఉంటే, అదీ చెప్పండి.