ఒకే అచ్చు, ఊరంతా వీరులు: హీమ్యాన్ ఒంటి అచ్చు గారికి ఓ ఉత్తరం

మహారాజశ్రీ హీమ్యాన్ అనే అమెరికా వీరుడి బొమ్మకి ఒళ్ళు పోసే అచ్చు గారికి, చిన్నప్పుడు మీ వల్ల ఒక సాయంత్రమంతా ఏడ్చినవాడు రాయు ఉత్తరం. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్‌లో ఏదో చూస్తూ "మావయ్యా, ఎవరీ బొచ్చు నిక్కరు పహిల్వాను, మళ్ళీ సినిమా అంటున్నారు, అసలు దీన్ని ఎక్కడ్నుంచి మొదలెట్టాలి?" అని అడిగాడు. కత్తి దగ్గర్నుంచి మొదలెట్టాలా, కోట దగ్గర్నుంచా, పుర్రె మొహం వాడి దగ్గర్నుంచా అని కాసేపు బుర్ర గోక్కున్నా గానీ, నిజం చెప్పాలంటే మొదలెట్టాల్సింది మీ దగ్గర్నుంచే కదండీ. కథ తర్వాతొచ్చింది, టీవీ ఇంకా తర్వాతొచ్చింది, ముందొచ్చింది మాత్రం కండలు తిరిగి, మోకాళ్ళు కాస్త వంచి, ఎవరో కబడ్డీకి పిలిస్తే లేచినట్టుండే ఆ ఐదున్నర అంగుళాల ఒళ్ళే.

వాడికి చెప్పిందే మీకూ చెప్తా, తప్పులుంటే దిద్దండి.

స్టార్ వార్స్ బొమ్మలు చేసే ఛాన్స్ వస్తే మిమ్మల్ని చేసిన బొమ్మల కంపెనీ మాటెల్ వాళ్ళు వద్దులే అన్నారు, పోటీ కంపెనీ కెనర్ వాళ్ళు తీసుకున్నారు, 1977లో సినిమా వచ్చింది, ఇక మాటెల్ వాళ్ళకి నిద్ర లేదు. వచ్చిన సంబంధం కాదన్నాక ఆ అబ్బాయికే అమెరికాలో ఉద్యోగం వచ్చిందని తెలిసినవాళ్ళ ఇంట్లో ఎలా ఉంటదో అలా ఉండుంటది ఆఫీసు. అప్పుడు రోజర్ స్వీట్ అనే డిజైనరు ఏం చేసాడంటే, కంపెనీలో ఉన్న బిగ్ జిమ్ అనే పాత బొమ్మల్ని తీసుకుని, ఒళ్ళంతా మట్టి మెత్తి కండలు పెంచి, మూడు నమూనాలు చేసాడు. ఒకడు గొడ్డలి పట్టుకునే ఆటవికుడు, ఒకడు మిలిటరీ వాడు, ఒకడు అంతరిక్షం వాడు. ముగ్గురూ ఒకడే. హీమ్యాన్ అన్న పేరు కూడా అందుకే పెట్టాడంట, ఏ వేషం వేసినా సరిపోద్దని. కంపెనీ పెద్దాయన ఆటవికుణ్ణి ఎంచుకున్నాడు, 1982లో మీరు బజార్లోకొచ్చారు. బొమ్మలు గీసిన మార్క్ టేలర్‌కీ స్వీట్‌కీ మధ్య "పుట్టించింది నేనంటే నేను" అని ఏళ్ళ తరబడి పంచాయితీ నడిచింది, అందులోకి నేను రాను, మా ఇంట్లో ఆవకాయ ఎవరు పెట్టారన్న పంచాయితీయే ఇంకా తేలలేదు.

అసలు మీ గొప్పతనం ఇక్కడే మొదలవుద్ది. అచ్చు చేయించడం అంటే బోలెడు డబ్బు, స్టీలు చెక్కాలి, మళ్ళీ మళ్ళీ చెక్కిస్తే కంపెనీ మునుగుద్ది, కాబట్టి ఒకసారి చేయించిన అచ్చుని పీల్చి పిప్పి చేయాలి. మా అమ్మ సోమవారం పోసిన ఇడ్లీ పిండి బుధవారం దోసె అయ్యి, గురువారం ఉల్లిపాయ ఊతప్పం అయ్యి, శుక్రవారం సాయంత్రానికి పునుగులై ప్లేట్లోకొస్తది చూడండి, అదే లెక్క. గంధం రంగు పోస్తే హీమ్యాన్. అదే రొమ్ముకి నీలం రంగు పోసి, పుర్రె తల తగిలించి, గోళ్ళ చేతులు పెడితే వాడి బద్ధశత్రువు స్కెలిటార్. లోకాన్ని కాపాడేవాడిదీ నాశనం చేసేవాడిదీ ఒకే ఛాతీ అన్నమాట! ఇందులో పెద్ద వేదాంతం ఉందని చాలాకాలం అనుకున్నా, తీరా చూస్తే ఖర్చు మిగులు.

ఫేకర్ సంగతి మాత్రం మీరు సిగ్గుపడాల్సిందే. హీమ్యాన్ తల, హీమ్యాన్ ఒళ్ళు మొత్తం తీసుకుని నీలం రంగు పోసి, జుట్టుకి నారింజ రంగేసి, స్కెలిటార్ చొక్కా తొడిగి, ఇదిగో హీమ్యాన్‌లా ఉండే మాయదారి రోబో అని అమ్మేసారు. పేరు కూడా ఫేకర్. ఇంత నిజాయితీగా మోసం చేసిన కంపెనీని నేనింకా చూళ్ళేదు, కల్తీ పాలవాడు క్యాన్ మీద కల్తీ పాలు అని రాసుకు తిరిగినట్టు. 1985లో స్టింకార్ అని ఇంకొకణ్ణి దించారు, అంతకుముందే ఉన్న మెర్‌మ్యాన్ అనే బొమ్మ తల తీసుకుని నలుపు తెలుపు రంగులేసి, ప్లాస్టిక్‌లోనే కంపు కలిపేసారు. కంపే వాడి శక్తి. బొమ్మలు దాచుకునేవాళ్ళని అడిగితే ఇప్పటికీ వాసనొస్తుందంటారు, మనం కొన్న అత్తరు సీసాలకి ఆ గ్యారంటీ ఉందా? అదే ఏడు బీస్ట్‌మ్యాన్ అనే ఇంకో పాత బొమ్మ ఒంటికి పచ్చ నూగు అంటించి, దేవదారు చెట్టు వాసన కొట్టించి, మాస్‌మ్యాన్ అన్నారు. వాడు నాచు మనిషి. అంటే కొత్త అచ్చు చేయించడం కన్నా వాసన కొట్టించడం చవక.

ఇక పులి. పచ్చ పులి మీద జీను వేసుకుని వీరుడు స్వారీ చేయడం ఎంత గొప్ప ఊహో అని చిన్నప్పుడు మైమరిచిపోయేవాణ్ణి, బాటిల్ క్యాట్ అనగానే వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. అది ఊహ కాదంట సార్. బిగ్ జిమ్ సరుకులో ఒక పులి ఉండేది, అది పెద్ద సైజు బొమ్మ కోసం చేసింది, దాన్ని మీ పక్కన నిలబెడితే ఎద్దంత ఉంది. చిన్న పులి చేయించాలంటే మళ్ళీ ఖర్చు. సరే, ఇంత పెద్దదైతే ఎక్కించేద్దాం అని జీను వేసేసారు. దాన్నే ఊదా రంగు నూగుతో స్కెలిటార్‌కిచ్చి పాంథర్ అన్నారు, బిగ్ జిమ్ గద్దకి కూడా ఒకసారి ఇటు జోర్ అని, ఒకసారి అటు స్క్రీచ్ అని పేరు పెట్టారు. కొలత తప్పితే టైలర్ దగ్గర గొడవ పెట్టుకుంటాం మనం, వాళ్ళేమో కొలత తప్పిన పులితో చరిత్ర సృష్టించారు.

మొదట్లో హీమ్యాన్‌గా మారే రాజకుమారుడు ప్రిన్స్ ఆడమ్ కూడా లేడు, డబ్బాలో పెట్టిన బుల్లి కామిక్‌లో హీమ్యాన్ అడవి నుంచి వచ్చిన ఆటవికుడు, అంతే. కత్తి కూడా రెండు సగాలు, ఒకటి హీమ్యాన్ దగ్గర, ఒకటి స్కెలిటార్ దగ్గర, రెండూ కలిపితే గ్రేస్కల్ కోట తాళంచెవి. రెండు సగాలంటే రెండు బొమ్మలూ కొనాలన్నమాట, మా నాన్న ఆ లాజిక్‌ని ఎప్పటికీ క్షమించలేదు. రాజకుమారుడు తర్వాత వేరే కామిక్స్‌లో వచ్చాడు, టీవీ వాళ్ళు వాణ్ణి పట్టుకుని ఊదారంగు ప్యాంటూ గులాబీ చొక్కా తొడిగి, కత్తెత్తి "గ్రేస్కల్ శక్తి మీద ఆన" అనగానే చొక్కా మాయమై కాస్త ఎండలో తిరిగొచ్చిన రంగొచ్చేలా చేసారు. అంతే తేడా. మొహం అదే, జుట్టు అదే, అయినా కన్నతండ్రి రాండర్ మహారాజుకి తెలీదు. మా మేనల్లుడు ఇది విని పగలబడి నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు, బుగ్గ మీద పులిపిరి అతికించుకుంటే సొంత పెళ్ళామే గుర్తుపట్టని సినిమాలు చూసి పెరిగిన జాతి మనది.

ఈ టీవీ సంగతి కూడా విను అన్నాను వాడితో. అంతకుముందు అమెరికాలో బొమ్మ ముందు పెట్టి దాని మీద పిల్లల సీరియల్ తీస్తే అది ప్రోగ్రామ్ కాదు, అరగంట యాడ్ అని ప్రభుత్వం వాళ్ళు మొట్టికాయ వేసేవాళ్ళు. రీగన్ ప్రెసిడెంటుగా వచ్చాక ఆ పట్టు వదిలేసారు. 1983 సెప్టెంబర్ నుంచి ఫిల్మేషన్ అనే స్టూడియో వారానికి ఐదు రోజులు వేసింది, సీజన్‌కి 65 చొప్పున రెండు సీజన్లు, 130 ఎపిసోడ్లు. అన్ని బొమ్మలు ఎవడు గీస్తాడు? ఇక్కడ కూడా మీ శిష్యరికమే. హీమ్యాన్ పరిగెత్తేది ఒకసారి గీసారు, మన మొహం మీదకి గుద్దేది ఒకసారి గీసారు, వెనక అడవి మార్చి, కొండ మార్చి, అదే పరుగు అదే గుద్దు. ఆర్కో అనే మాంత్రిక పిల్లాడికి ముందు గార్పో అని పేరనుకున్నారు, చొక్కా మీద అక్షరం రాస్తే బొమ్మ అటూ ఇటూ తిప్పినప్పుడు అక్షరం తిరగబడుద్ది కదా, అందుకని ఎటు తిప్పినా సున్నాలా ఉండే ఇంగ్లీషు 'O'తో మొదలయ్యే పేరు పెట్టేసారు. పసివాడి నామకరణం కూడా పొదుపు పథకమే.

కానీ ఒక్క మాట, ఇక్కడ వెక్కిరింపు ఆపుతా. ఆ రోజుల్లో మిగతా స్టూడియోలు గీసే పనంతా బయటి దేశాలకి పంపించేస్తుంటే, ఫిల్మేషన్ యజమాని లూ షైమర్ మాత్రం పని అమెరికాలోనే ఉంచాడు, ఆ పాత బొమ్మలు తిప్పితిప్పి వాడుకోబట్టే అక్కడి ఆర్టిస్టులకి జీతాలొచ్చాయి. అదే పరుగుని నూట ముప్ఫైసార్లు చూసి విసుక్కున్నప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి.

పైగా కొట్టడానికి వీల్లేదు. చేతిలో అంతంత కత్తి పెట్టుకుని ఒక్కడి ఒంటి మీదా గీత పెట్టకూడదని రూలు, అందుకే రోబోల్ని నరుకుతాడు, బండలు ఎత్తి పడేస్తాడు, మనుషుల్నయితే ఎత్తి బురదలో పారేస్తాడు. చివర్లో తెర మీదకొచ్చి అబద్ధాలాడకూడదు, పెద్దలమాట వినాలి అని నీతి. ఇరవై నిమిషాలు బొమ్మలమ్మి అర నిమిషం నీతులు. మేనల్లుడికి ఏం చూడాలో కూడా చెప్పాను: హీమ్యాన్ నేస్తం టీలా తన తల్లి ఎవరో తెలుసుకునే టీలాస్ క్వెస్ట్ చూడు, తన వల్ల ఒక మనిషి చచ్చిపోయాడనుకుని హీమ్యాన్ కత్తి వదిలేసే ద ప్రాబ్లం విత్ పవర్ చూడు, మహారాణి భూమ్మీద నుంచొచ్చిన వ్యోమగామి అని గుర్తుచేసే ద రెయిన్‌బో వారియర్ చూడు. 1985లో హీమ్యాన్ కవల చెల్లెలు షీరా వచ్చింది, ఆవిడవి 93 ఎపిసోడ్లు, బొమ్మకి దువ్వుకునే జుట్టు, కథ మాత్రం అన్నగారి దానికన్నా గట్టిది, నా అభిప్రాయం. 1987 సినిమాలో డాల్ఫ్ లండ్‌గ్రెన్ ఉన్నాడు, పచ్చ పులి లేదు, హీమ్యాన్ లోకం ఎటర్నియా నుంచి దిగి సగం సినిమా కాలిఫోర్నియా వీధుల్లో తిరుగుతారు, ఎందుకో మీకు తెలీనిదా. 2021లో వచ్చిన రివిలేషన్ అనే సీరీస్‌లో మొదటి ఎపిసోడ్‌లోనే హీమ్యాన్‌ని చంపేసారు, నలభై దాటిన మగాళ్ళు ఇంటర్నెట్‌లో ఏడ్చిన ఏడుపు నేను కూడా కొంచెం ఏడ్చాను.

మా ఊరికి మీరు దూరదర్శన్‌లో వచ్చారు, ఎనభైల చివర్లో. మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు, అయినా "ఐ హ్యావ్ ద పవర్" అర్థమైంది, ఎందుకంటే మాకు పవర్ అంటే కరెంటు. సాయంత్రం పోయిన కరెంటు రాత్రి ఎనిమిదికి వచ్చిందనుకోండి, వీధి వీధంతా పిల్లలు చీపురుకట్టలెత్తి ఆ ముక్క అరిచేవాళ్ళం, మా నాన్నమ్మ దాన్ని కరెంటాఫీసు వాళ్ళ స్లోగన్ అనుకుంది.

ఆ రోజుల్లోనే మా చిన్నాన్న హైదరాబాద్ నుంచి మిమ్మల్ని తెచ్చాడు, ఇక్కడే తయారైన సరుకు. నడుం పక్కకి తిప్పి వదిలితే టక్కుమని వెనక్కొచ్చి గుద్దేది, ఆ టక్కు కోసం అన్నం మానేసాను. నాలుగో రోజు కడుపులో ఏదో పుటుక్కుమంది, రెండు కాళ్ళూ ఊడి చేతిలోకొచ్చేసాయి. కాళ్ళు లోపల ఒక్క రబ్బరు ముక్కతో పట్టుకుని ఉంటాయని అప్పుడే తెలిసింది! కొన్న షాపువాడు బొమ్మ వంకా నా వంకా చూసి "గట్టిగా ఆడావా బాబూ?" అన్నాడు. మెల్లగా ఆడ్డానికి అది గాజు బొమ్మా? మా నాన్న ఏమీ అనకుండా పాత సైకిల్ ట్యూబు నుంచి సన్నటి ముక్క కోసి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో ఈ తొడ చిల్లులోంచి ఆ తొడ చిల్లులోకి లాగి, అటొక ముడి ఇటొక ముడి వేసాడు. ముడి కాస్త ఎక్కువ బిగిసింది. అప్పట్నుంచి మా ఇంట్లో విశ్వాధిపతి ఒంటేలుకి ఆపుకున్నట్టు మోకాళ్ళు కలిపే నిలబడేవాడు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు

తా.క.: ఇది రాస్తుంటే మేనల్లుడు అటక మీద నుంచి మిమ్మల్ని దించాడు. ట్యూబు ముక్క ఎండి పొడైపోయింది, కాళ్ళు మళ్ళీ ఊడిపోయాయి, నడుం మాత్రం ఇంకా టక్కుమంటోంది. వాడు ట్యూబు ముక్క కోసమని వీధి చివర పంక్చర్ షాపుకెళ్ళాడు, గంటైంది, ఇంకా రాలేదు.