పెన్నీ ఆగితే పోయేది ఎవరికి?
అమెరికాలో పెన్నీల, అంటే ఒక్క సెంటు నాణేల, తయారీ ఆపేస్తే ఎవరికీ నష్టం లేదని ఒక అమెరికన్ పెద్దాయన రాసిన మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. ఒక్క సెంటు నాణేనికి 3.69 సెంట్లు ఖర్చవుతుంటే, 2025 నవంబరులో ఫిలడెల్ఫియా టంకశాల దాన్ని ఆపడం సబబే. కానీ కార్డు గీకేవాళ్లకు సెంటుతో సహా సరిగ్గా బిల్లు పడుతుంది, నగదు ఇచ్చేవాళ్లకే చాలా చోట్ల బిల్లును దగ్గర్లోని ఐదు సెంట్ల గుణిజానికి సర్దేస్తున్నారు. ఇక్కడ ఒహాయోలో మా పక్కింటి పెద్దావిడకు కార్డంటే టెన్షన్. నెల ఖర్చులన్నీ కవర్లలో విడివిడిగా పెట్టుకుంటుంది, మందులకో కవరు, కూరగాయలకో కవరు. మొన్న ఒక దుకాణంలో రెండు సెంట్లు తిరిగి ఇవ్వలేదు. డబ్బు పోయిందని కాదు, ఒక్క మాటైనా చెప్పకుండా ఉంచేసుకున్నారని ఆవిడ బాధ. వాళ్లింట్లో పెద్ద గాజు సీసా నిండా పెన్నీలున్నాయి. వెనకవైపు గోధుమ వెన్నులున్నవి, అంటే 1958 దాకా వచ్చినవి, పోయిన భర్త విడిగా ఏరి పెట్టాడట. మిగతావి యాభై చొప్పున కాగితపు గొట్టాల్లో చుట్టడానికి ఒక ఆదివారం నేనూ కూర్చున్నాను. దుకాణాలవాళ్లు నగదు బిల్లును ఎప్పుడూ కిందికే సర్దితే సరిపోతుంది కదా, బిల్లుకు నాలుగు సెంట్లకు మించి వాళ్లకూ పోదు.