ఆ పొగ ఎవరి మీదికి?

1868లో న్యూయార్క్‌లోని కరియర్ అండ్ ఐవ్స్ సంస్థ ఒక లితోగ్రాఫ్‌ను, అంటే రాతిపలక మీద గీసి తీసే అచ్చుబొమ్మను, అచ్చువేసి అమ్మింది. అందులో రైలుపట్టాలు బొమ్మను ఐమూలగా రెండు ముక్కలు చేస్తూ దిగంతం దాకా పోతాయి. ఎడమ పక్కన దుంగల ఇళ్లు, బడి, చెట్లు నరుకుతున్న మనుషులు; కుడి పక్కన నది, కొండలు, గుర్రాలెక్కిన ఇద్దరు ఆదివాసులు. ఇంజన్ వదిలే నల్లటి పొగ సరిగ్గా ఆ ఇద్దరి మీదికే వాలుతుంది. అది న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా వెళ్లే బండి అని పెట్టె మీద రాసి ఉంటుంది, కానీ అప్పటికి ఆ దారి పూర్తే కాలేదు. దీన్ని గీసిన ఫానీ పామర్ ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పుట్టి బ్రూక్లిన్‌లో స్థిరపడిన చిత్రకారిణి. పడమటి మైదానాలను ఆమె కళ్లారా చూసింది లేదు.

ఇలాంటి చిత్రాలను చరిత్రకు సాక్ష్యాలుగా పాఠ్యపుస్తకాల్లో వేయడం మామూలైపోయింది. నా మటుకు నాకు అవి ముందుగా సరుకు, ఆ తర్వాతే సాక్ష్యం. జాన్ గాస్ట్ 1872లో గీసిన ‘అమెరికన్ ప్రోగ్రెస్’నే తీసుకోండి. చేతిలో పుస్తకంతో, టెలిగ్రాఫ్ తీగ లాక్కుంటూ ఒక స్త్రీ ఆకాశంలో పడమరకు సాగుతుంటే, వెనక రైళ్లు వస్తుంటాయి, ముందు ఆదివాసులూ అడవిదున్నలూ చీకట్లోకి పరుగెడుతుంటారు. అడుగున్నర వెడల్పు కూడా లేని ఈ చిత్రాన్ని గీయించింది జార్జ్ క్రాఫట్, రైలు ప్రయాణికులకు మార్గదర్శినులు అచ్చువేసి అమ్ముకునే ప్రచురణకర్త. బొమ్మలో రైలు ఎంత ఘనంగా కనిపిస్తే ఆయన వ్యాపారానికి అంత మంచిది.

కెమెరా అయినా నిజం చెప్పిందా అంటే, అదీ సగమే. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ సమ్మిట్ వద్ద తూర్పు నుంచి వచ్చిన యూనియన్ పసిఫిక్, పడమర నుంచి వచ్చిన సెంట్రల్ పసిఫిక్ అనే రెండు రైల్వే కంపెనీల పట్టాలు కలిసినప్పుడు ఆండ్రూ రసెల్ తీసిన ఫొటోలో రెండు ఇంజన్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, ఇద్దరు చీఫ్ ఇంజనీర్లు చేతులు కలుపుతుంటారు, ఇంజన్ల మీదికెక్కినవాళ్లు ఒకరికొకరు సీసాలు చాపుతుంటారు. సియెర్రా నెవాడా కొండల్లో గ్రానైట్‌ను తొలిచి సొరంగాలు తవ్వినవారిలో అత్యధికులు చైనా కార్మికులు. ఆ గుంపులో వాళ్లలో ఒక్కరి ముఖమూ స్పష్టంగా కనిపించదు.

లేనివాళ్లను చేర్చడంలో మాత్రం కుంచెకు అడ్డే లేదు. ఇదే ఘట్టాన్ని 1881లో థామస్ హిల్ పెద్ద కాన్వాస్ మీద గీసినప్పుడు, 1863లోనే కన్నుమూసిన సెంట్రల్ పసిఫిక్ ఇంజనీరు థియొడోర్ జూడా అందులో నిలబడ్డాడు, ఆ రోజు అక్కడికి రాని కంపెనీ భాగస్వాములు హంటింగ్టన్, క్రాకర్ కూడా చేరారు. ఆ కంపెనీ అధ్యక్షుడు లీలాండ్ స్టాన్‌ఫర్డ్ కోరితేనే గీశానని హిల్ చెప్పుకున్నాడు. స్టాన్‌ఫర్డ్ దాన్ని కొనలేదన్నది వేరే ముచ్చట. ఆ మరుసటి ఏడాదే, 1882లో, చైనా కార్మికులు దేశంలోకి రాకుండా అమెరికా చట్టం చేసింది.

వీటన్నిటి నడుమ థియొడోర్ కాఫ్మన్ 1867లో గీసిన చిత్రం ఒక్కటే నన్ను ఎక్కువసేపు నిలబెడుతుంది. ఆదివాసుల మీద జాలితో గీసిందని చెప్పలేం, కానీ చిత్రకారుడు మనల్ని నిలబెట్టిన చోటు వేరు. ఇక్కడ మనం బండిలో లేము. రాత్రివేళ గడ్డిలో పాకుతూ పట్టాలు ఊడదీస్తున్న ఆదివాసుల పక్కన ఉన్నాం. ఇంజన్ దీపం ఎక్కడో దూరాన చుక్కలా వెలుగుతోంది. పొగ ఇంకా ఇక్కడిదాకా రాలేదు.