తెలుగులా కనిపిస్తే చాలా?

మొన్న మన తెలుగు సంఘం జరిపిన ఉగాది సభకు వచ్చినవాళ్లంతా వేదిక వెనక కట్టిన పెద్ద బ్యానర్ చూసే ఉంటారు. మామిడి తోరణం, వేపపూత, పచ్చడి గిన్నె, ఓ మూల కోకిల, వాటి కింద బంగారు రంగులో రెండు వరుసల రాత. పంచాంగ శ్రవణానికి ముందు, పిల్లల కూచిపూడి అయ్యాక, భోజనాలకు లేచేటప్పుడు జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతూనే ఉన్నారు. ఆ రెండు వరుసల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు.

ముందు వరుసలో కూర్చున్నాను కాబట్టి తీరిగ్గా చూశాను. తలకట్లు ఉన్నాయి, గుండ్రటి పొట్టలున్నాయి, కింద వత్తుల్లాంటి తోకలున్నాయి. మొదటిది 'శు'లా మొదలై, నడుమ కన్నడం వైపు మళ్లి, చివర ఏ లిపికీ చెందని మెలికలో ఆగింది. పక్కది 'భ'కు దగ్గరగా ఉంది గానీ ఒత్తు ఉండాల్సిన చోట చిన్న సున్నా వేలాడుతోంది. చదవబోతే నాలుక కదలదు. ఏఐతో చేయించిన బొమ్మ అని అర్థమైంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు అక్షరాల ఆకారం పట్టుబడింది, చదువు పట్టుబడలేదు.

భోజనాల లైన్లో ఆ బ్యానర్ చేయించిన వాలంటీరు అబ్బాయి కనిపించాడు. పొద్దుట్నుంచీ హాల్లోనే ఉన్నాడు. కుర్చీలు వేసింది, సౌండ్ సిస్టమ్ తెచ్చింది, పులిహోర ట్రేలు మోసింది అతనే. ఈ దేశంలోనే పుట్టి పెరిగినా చక్కటి తెలుగు మాట్లాడతాడు. "ఆ బ్యానర్ మీదున్నది తెలుగు కాదు నాన్నా, చూసుకున్నారా?" అని మెల్లగా అడిగాను. అతను వెనక్కి తిరిగి చూసి, "అవునా ఆంటీ? నాకు చదవడం రాదు కదా. కానీ చూడ్డానికి తెలుగులాగే ఉంది. పొద్దుట్నుంచి ఎవ్వరూ ఏమీ అనలేదు, అంటే ఓకేనే కదా?" అన్నాడు. పొగరుతో అన్న మాట కాదు. నిజంగానే అడిగాడు. అందుకే అంతగా గుచ్చుకుంది.

ఎవ్వరూ ఏమీ అనలేదు. ఆ హాల్లో తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివినవాళ్లున్నారు. ఊళ్లో లైబ్రరీ తలుపు తీయకముందే వెళ్లి వారపత్రిక కోసం కాచుక్కూర్చున్నవాళ్లున్నారు. ఇప్పటికీ పద్యాలు కట్టేవాళ్లున్నారు. వాళ్లందరి ఎదుటా పూటంతా ఉత్తుత్తి అక్షరాలు వేలాడాయి. తర్వాత సంఘం కార్యవర్గ మీటింగ్‌లో ఈ సంగతి ఎత్తితే, "ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకండీ" అన్నారు. ఆ మీటింగ్‌లోనే, సంఘం నడిపే ఆదివారం తెలుగు తరగతుల్లో పిల్లలకు రాత తీసేసి మాటలు మాత్రమే నేర్పుదామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దాని మీద ఓటింగ్ ఉంది. నేను చెప్పదలచుకున్నది ఆలోగా మీ ముందు పెడుతున్నాను.

హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకున్న రోజుల నుంచీ నాకు చైనా చిత్రకారులంటే ఇష్టం. ఆ బ్యానర్ చూస్తున్నంతసేపూ నా మనసులో మెదిలినవాడు షూ బింగ్.

1988 అక్టోబరులో, బీజింగ్‌లోని చైనా ఆర్ట్ గ్యాలరీలో, 33 ఏళ్ల షూ బింగ్ తన 'ఆకాశ గ్రంథం' ప్రదర్శించాడు. అంతకు ముందు ఏడాది మొదలైన ఆ పని 1991 దాకా సాగింది. పైకప్పు నుంచి పొడవాటి కాగితాలు ఊయలల్లా వంపు తిరిగి వేలాడతాయి. గోడల నిండా అచ్చు పుటలు. నేల మీద వరుసలు వరుసలుగా తెరిచిన పుస్తకాలు: నీలి అట్టలు, దారపు కుట్టు, పాత చైనా గ్రంథాల్లో ఉన్నట్టే గీతల మార్జిన్లు, మూలానికి పెద్ద అక్షరాలు, వ్యాఖ్యానానికి చిన్న అక్షరాలు. ఏదో మహా శాస్త్రం అనిపిస్తుంది. దగ్గరికెళ్లి చదవబోతే ఒక్క అక్షరమూ చదవరాదు. దాదాపు 4,000 అక్షరాలు, అన్నీ తను కల్పించినవే. ఒక్కొక్కదాన్నీ పియర్ చెట్టు చెక్క మీద చేత్తో చెక్కి, అచ్చు వేయించాడు.

ఆయన పిచ్చిగీతలు గీయలేదన్నది మనం గమనించాలి. చైనా అక్షరంలో చాలావరకు ముక్కలుంటాయి. ఒక పక్క నీరు, చెట్టు, మనిషి, మాట లాంటివాటిని సూచించే ముక్క, ఇంకో పక్క ఉచ్చారణను సూచించే ముక్క. మనం హల్లు చూసి గుణింతం కలుపుకున్నట్టు వాళ్ల కన్ను ఆ ముక్కలను కలుపుకుంటుంది. షూ బింగ్ ఆ ముక్కలనే తీసుకుని, ఎన్నడూ కలవనివాటిని కలిపాడు. చైనా పాఠకుడికి నీటి ముక్క కనిపిస్తుంది, ఇదేదో నదికి సంబంధించిన మాట అనుకుంటాడు, అంతలోనే దారి మూసుకుపోతుంది. చదువుకున్న పెద్దలు మళ్లీ మళ్లీ వచ్చి ఒక్కటైనా అసలు అక్షరం దొరుకుతుందేమోనని వెతికారట. కొందరికి కోపం వచ్చింది. ఒక విమర్శకుడు దాన్ని చీకట్లో దారి తప్పి గోడకు కొట్టుకునే దయ్యంతో పోల్చాడు. షూ బింగ్ ఆ తిట్టునే తీసుకుని, 1990లో గ్రేట్ వాల్ మీద కాగితం పరిచి సిరా అద్ది చేసిన పనికి పేరుగా పెట్టుకున్నాడు.

అంత కోపం ఎందుకొచ్చింది? వాళ్లకు చదవడం వచ్చు కాబట్టి. మన హాల్లో చదవడం వచ్చినవాళ్లున్నా ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు.

షూ బింగ్‌కు ఈ ఆలోచన ఊరికే రాలేదు. తల్లి యూనివర్సిటీ లైబ్రరీ రంగంలో పనిచేసేది. చదవడం రాని వయసు నుంచే ఆయన చుట్టూ పుస్తకాలు. తండ్రి రోజూ ఒక పేజీ అక్షరాలు రాయించేవాడు. ఆయన పుట్టిన మరుసటి ఏడాదే, 1956లో, ప్రభుత్వం అక్షరాలను సరళం చేసే పథకం తెచ్చింది. మావో కాలపు సాంస్కృతిక విప్లవంలో గోడల నిండా మనుషులను నిందించే పెద్దక్షరాల పోస్టర్లు వెలిశాయి. ఎవరి పేరు ఆ కాగితాల మీదికి ఎక్కితే వాళ్ల బతుకు తలకిందులు. ఆయన తండ్రి కూడా ఆ వేటులో పడ్డాడు, కొడుకు చేతిరాత బాగుంటుందని ప్రచార పోస్టర్లు అతని చేత రాయించేవారు. 1977లో ఇంకో విడత సరళీకరణ ప్రకటించి, 1986లో వెనక్కి తీసుకున్నారు. నేర్చుకున్నది మరిచిపో, మళ్లీ నేర్చుకో అని ఒక తరం మొత్తానికి చెప్పారన్నమాట. ఆ మరుసటి ఏడాది షూ బింగ్ ఉలి పట్టాడు. తప్పుడు అక్షరాన్ని అంత నమ్మకంగా చెక్కగలిగాడంటే, అసలు అక్షరం ఆయన చేతిలో అంతగా ఇంకిపోయింది.

రాతతో ఇలా పనిచేసిన చైనా చిత్రకారుడు ఆయన ఒక్కడే కాదు. గూ వెండా 1993 నుంచి దేశదేశాల మంగలి షాపుల్లో జుట్టు సేకరించి, దానితో చైనా, ఇంగ్లిష్, హిందీ, అరబిక్ లిపులను పోలిన చదవరాని రాతల తెరలు చేయించాడు. ఝాంగ్ హువాన్ 2000లో న్యూయార్క్‌లో ముగ్గురు లేఖకులను పిలిచి పొద్దుట్నుంచి రాత్రి దాకా తన ముఖం మీదే రాయించుకున్నాడు. చివరికి ముఖం నల్లగా మిగిలింది, ఒక్క అక్షరమూ కనిపించలేదు. ఇంటిని వదిలి వచ్చిన మనిషి చేసిన పని అది. మనలాంటివాళ్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం చియు ఝిజియె చేసిన పని. 353లో వాంగ్ షీఝి అనే లేఖకుడు ఒక కవితల సంకలనానికి రాసిన 'ఆర్కిడ్ మండపం' ముందుమాట చైనా చేతిరాతకు పరాకాష్ఠ. 324 అక్షరాలు. చేతిరాత నేర్చుకునే ప్రతివాడూ దాన్ని చూసి రాయాల్సిందే. చియు 1990లో మొదలుపెట్టి 1995 దాకా దాన్ని వెయ్యిసార్లు రాశాడు, ఒకే కాగితం మీద, రాసినదాని మీదే మళ్లీ. కొన్ని పదుల సార్లు అయ్యేసరికే కాగితం పూర్తిగా నల్లబడిపోయింది. ఆ తర్వాత కుంచె కదులుతుంది, గుర్తు మిగలదు. చూసేవాళ్లకు నల్లటి కాగితం, ఆయన మణికట్టుకు మాత్రం ప్రతి మలుపూ తెలుసు. సోంగ్ డోంగ్ పని ఇంకా నిరాడంబరం. చిన్నప్పుడు ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. కాగితం, సిరా వృథా కాకుండా రాయి మీద నీళ్లతో రాసి నేర్చుకోమన్నాడు తండ్రి. 1995 నుంచి ఆయన ఒక రాతిపలక మీద నీళ్లతో డైరీ రాస్తున్నాడు. రాసింది రాసినట్టే ఆరిపోతుంది.

చైనాలో అంతా సవ్యంగా ఉందని నేననను. ఫోన్లలో ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ కొట్టి అక్షరం ఎంచుకునే అలవాటు వచ్చాక, కలం పట్టుకుంటే అక్షరం గుర్తురావడం లేదని అక్కడా మొత్తుకుంటున్నారు. 2013లో వాళ్ల ప్రభుత్వ టీవీ బడిపిల్లలకు అక్షరాల డిక్టేషన్ పోటీ పెట్టింది, దేశమంతా కూర్చుని చూసింది. కనీసం పోతోందన్న భయమైనా వాళ్లకుంది.

మనకు లిపి మీద గౌరవం తక్కువా? కాదు. కాలికి కాగితం తగిలితే ఇప్పటికీ వంగి కళ్లకద్దుకుంటాం. చైనాలో రాత ఉన్న కాగితాన్ని చెత్తలో వేయకూడదని, విడిగా పొయ్యి పెట్టి దహనం చేసే ఆచారం ఉండేది. ఆ విషయంలో మనమూ వాళ్లూ ఒకటే. ఇండియా వెళ్లినప్పుడు బాసర దాకా పోయి పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తాం. పళ్లెంలో బియ్యం, పట్టుబట్టలు, 'ఓం నమః శివాయ' అని చిట్టి వేలు పట్టి దిద్దించడం, వాట్సాప్ నిండా ఫొటోలు. ఇంటికి తిరిగొచ్చాక ఆ వేలు మళ్లీ 'అ' దిద్దదు. సరస్వతికి దండం పెట్టి ఆమె ఇచ్చినదాన్ని పక్కన పడేస్తున్నాం. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

రాత తీసేద్దామన్నవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. వారానికి ఒక్క తరగతి, అందులో సగం అల్లరికే సరి. యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, వత్తులు అనేసరికి పిల్లలు బెదిరి అసలు రావడమే మానేస్తున్నారు. మాటలైనా వస్తే అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడతారు కదా అంటున్నారు. నిజమే. మా నాయనమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. కానీ నోటికి వచ్చిన పద్యాలకు లెక్కలేదు. ఆమె తెలుగు ముందు నా తెలుగు ఎందుకూ కొరగాదు. లిపి లేకపోతే భాష లేదని ఆమె మనవరాలిని నేనెలా అనగలను?

కానీ నాయనమ్మ చుట్టూ ఊరంతా తెలుగే. వాకిట్లోకి వస్తే తెలుగు, బావి దగ్గర తెలుగు, తిట్లు తెలుగు. ఇక్కడ మన పిల్లలకు ఆ ఊరు లేదు, ఇంటి గుమ్మం దాటితే భాష మారిపోతుంది. పైగా ఆమె పద్యాలు నా దాకా వచ్చింది మా మేనత్త వాటిని ఒక రూళ్ల నోట్‌బుక్కులో రాసిపెట్టినందువల్లే. చౌకరకం బాల్‌పెన్ను, కొన్నిచోట్ల నూనె మరకలు, పాదం మరిచిపోయిన చోట ఖాళీ వదిలి 'అమ్మనడగాలి' అని పక్కన చిన్నగా రాత. ఆ నోట్‌బుక్కు ఇప్పుడు నా బీరువాలో ఉంది. నా పిల్లలు దాన్ని చదవగలరు. వాళ్ల పిల్లల సంగతే నా దిగులు.

అక్షరాలు కష్టమన్నదానికీ షూ బింగ్ దగ్గర ఒక దారి ఉంది. 1990లో అమెరికా వచ్చాక, 1994 నుంచి ఆయన ఇంగ్లిష్ అక్షరాలను చైనా రాతలా చతురస్రంలో పేర్చి రాసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. మ్యూజియంలో బల్లలు, కుంచెలు, సిరా, కాపీ పుస్తకాలు పెట్టి తరగతి గదే తయారుచేశాడు. చైనా భాష ఒక్క ముక్క రానివాళ్లు కూర్చుని కుంచెతో దిద్దుతారు. కాసేపయ్యాక తాము రాస్తున్నది ఇంగ్లిష్ పిల్లల పాట అని తెలిసి ఆశ్చర్యపోతారు. వాళ్ల భయం పోయేది కుర్చీలో కూర్చుని కుంచె ముంచిన క్షణంలోనే. మన పిల్లలూ అలాగే మొదలుపెట్టవచ్చు. ఎమిలీ అనే స్నేహితురాలి పేరు, తమ కుక్కపిల్ల పేరు, ఇష్టమైన బాస్కెట్‌బాల్ టీమ్ పేరు తెలుగులో రాయమనండి. 'అ' నుంచి 'ఱ' దాకా వరుసగా అప్పజెప్పించే పని తర్వాత పెట్టుకోవచ్చు.

అందుకే సభ్యులందరికీ నా విన్నపం. రాత తీసేసే ప్రతిపాదనకు వద్దని ఓటు వేయండి. తరగతిలో ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఇరవై నిమిషాలూ పిల్లల చేతిలో పెన్సిల్ ఉండాలి. ఇకపై మన సంఘం పేరుతో ఏ బ్యానర్ అచ్చుకు వెళ్లినా తెలుగు చదవడం వచ్చిన ఒక్కరైనా ముందుగా చూడాలి, ఆ పని నాకు అప్పగించినా సంతోషమే. బతుకమ్మకూ దసరాకూ అచ్చు బ్యానరే వద్దు. తెల్లగుడ్డ కడదాం, పిల్లలు రాస్తారు. వంకరగా వస్తే రానివ్వండి. మొదటి అక్షరం ఆ వాలంటీరు అబ్బాయి చేతే రాయించాలని నా కోరిక. ఫోన్ చేసి అడిగితే, నేర్పితే రాస్తానన్నాడు. గుడ్డ, కుంచెలు, రంగులు నేను తెస్తాను. హాలు ఒక గంట ముందుగా తెరిపించి, రెండు పొడవాటి బల్లలు వేయించే బాధ్యత కార్యవర్గం తీసుకోవాలి.